చరిత్ర పుస్తకంపై అభిప్రాయం చెప్పడం ఎలా?



ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఈ మధ్య ఒక చరిత్ర పుస్తకం చదివారనుకోండి. "ఎలా ఉంది?" అని మీ స్నేహితుడు అడిగాడు. మీరేమంటారు? "బాగుంది" అంటారు, లేదా "బోరు కొట్టింది" అంటారు. నవల విషయంలో ఈ జవాబు కొంతవరకు సరిపోతుంది. నవల మనకు నచ్చడం, నచ్చకపోవడం మన ఇష్టం. ఎవరూ కాదనలేరు.

చరిత్ర పుస్తకం సంగతి వేరు. అది "ఇలా జరిగింది, ఈ కారణం వల్ల జరిగింది" అని మనతో చెబుతుంది. జీవిత చరిత్ర, యాత్రా చరిత్ర, ఆర్థిక గ్రంథం, విజ్ఞాన గ్రంథం, ఏదైనా అంతే. అందువల్ల దానిపై మన అభిప్రాయానికి రెండు భాగాలుంటాయి. చదవడానికి ఎలా ఉందన్నది ఒకటి. చెప్పినది ఎంతవరకు నిజం అన్నది రెండోది. మనలో చాలామంది మొదటిది చెప్పి, రెండోది కూడా చెప్పేశామనుకుంటాం. ఈ ప్రసంగంలో ఆ రెండో భాగం గురించే మాట్లాడుకుందాం.

నేను చరిత్ర అధ్యాపకుణ్ని కాను. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. ప్రయోగశాల రికార్డులో విద్యార్థి ఒక విలువ రాసుకొస్తే, దాన్ని ఏ పరికరంతో కొలిచాడో, ఎన్నిసార్లు కొలిచాడో రాయకపోతే నేను మార్కులు వేసేవాణ్ని కాదు. విలువ సరైనదే అయినా వేసేవాణ్ని కాదు. నన్ను తిట్టుకున్న విద్యార్థులు చాలామందే ఉన్నారు! అయితే అదే నేను చరిత్ర పుస్తకాల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం చాలా ఏళ్లపాటు నోటికి వచ్చింది చెప్పేవాణ్ని. నా పొరపాటు నాకు తెలిసివచ్చింది తార్‌బహార్‌లో.

తార్‌బహార్‌లో ఒక ఆదివారం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తార్‌బహార్ ఒక పేట. హిందీలో 'తార్' అంటే తీగ, 'బాహర్' అంటే వెలుపల. రైల్వే తీగకంచెకు అవతల ఉన్న చోటు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం 2003 నుంచి బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఈ ఊరి రైల్వే పేటల్లో తెలుగు మాట బాగానే వినబడుతుంది.

అంత దూరాన తెలుగు ఎలా వచ్చింది? బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ వెళ్లే ప్రధాన మార్గం 1891లో సరుకుల రవాణాకు సిద్ధమైంది. మన వైపు విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పు తీర మార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. అంటే మన ఉత్తర కోస్తా పల్లెల పక్కనుంచి పోయే రైలూ, బిలాస్‌పూర్‌లో ఆగే రైలూ ఒకే కంపెనీవి అయ్యాయి. ఉద్యోగం ఉందన్న కబురు ఆ పట్టాల వెంబడే పాకింది. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడటానికి ఇదొక ముఖ్య కారణం.

తార్‌బహార్‌లో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆదివారం సాయంత్రం ఆరేడుగురు కూర్చుని చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఒక రిటైర్డ్ గార్డుగారు, ఆయన భార్య, ఒక స్కూలు టీచరమ్మ, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. టీ, కారప్పూస ఉంటాయి. నేను అటు వెళ్లినప్పుడల్లా నన్నూ పిలుస్తారు. ఒక ఆదివారం బి.ఎ. చదువుతున్న అమ్మాయి రమేశ్ చంద్ర దత్ రాసిన భారత ఆర్థిక చరిత్ర రెండో సంపుటి చదివి వచ్చింది. 1904లో వెలువడిన పుస్తకం అది.

"రైళ్లు మనకు మేలు చేయలేదు తాతగారూ. మన డబ్బుతో వాళ్ల కంపెనీలను మేపారు" అంది.

గార్డుగారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఏటమ్మా? రైలు మేలు చేయలేదా? మా నాన్నకు కూడెట్టింది రైలు. నాకు పింఛనిస్తున్నది రైలు. నీ కాలేజీ ఫీజు కడుతున్న మీ నాన్న ఏ ఆఫీసులో ఉన్నాడు?"

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆ నవ్వుతో చర్చ అయిపోయి ఉండేదే. ఆమె ఇంకెప్పుడూ ఆ ఇంట్లో నోరు విప్పేది కాదేమో కూడా. పెద్దవారి అనుభవం ముందు చిన్నవారి చదువు ఓడిపోవడం మన ఇళ్లలో మామూలే. కొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా తిరగబడి, చదువుకున్న పిల్లల ముందు పెద్దవారి అనుభవం చిన్నబోతుంది. రెండూ నష్టమే. మనం ఇక్కడ ఆగి, వారిద్దరి మాటలనూ ప్రయోగశాలలో విలువలను పరీక్షించినట్టు పరీక్షిద్దాం.

పుస్తకం చెప్పిన లెక్క

ముందుగా నేను ఆ అమ్మాయిని అడిగింది ఇదే: "పుస్తకంలో ఏ పేజీలో, ఏ లెక్క చూసి నువ్వీ మాట అన్నావు?" ఆమె వెంటనే తీసి చూపించింది. 1900 వరకు రైల్వేలపై 22 కోట్ల 50 లక్షల పౌన్లు ఖర్చయిందని దత్ రాశారు. సాగునీటి పనులపై ఖర్చు 2 కోట్ల 50 లక్షల పౌన్లు. అంటే తొమ్మిది రెట్లు తేడా. పైగా రైల్వేల వల్ల పన్ను కట్టేవారికి 4 కోట్ల పౌన్ల నష్టం వచ్చిందని ఆయన వాదన.

నష్టం ఎలా వచ్చింది? ఇక్కడ మీరు హామీ పద్ధతిని అర్థం చేసుకోవాలి. తొలి రైల్వే కంపెనీలకు ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా, పెట్టిన పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడికి మాది పూచీ అని. ఒక చిన్న లెక్క వేసుకోండి. కోటి రూపాయలతో పూర్తి కావలసిన మార్గానికి కంపెనీ పొదుపుగా కోటే ఖర్చు పెడితే, పూచీ మొత్తం ఏడాదికి 5 లక్షలు. దుబారా చేసి కోటిన్నర ఖర్చు పెడితే 7 లక్షల 50 వేలు! దుబారాకు శిక్ష లేదు సరికదా, బహుమానం ఉంది. మార్గం సంపాదించినది తక్కువైతే ఆ లోటు ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు నుంచి వెళ్లేది. దత్ కోపానికి కారణం ఇది. కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం కూడా.

ఇప్పుడు అమ్మాయి మాట "బాగుంది, బాగాలేదు" స్థాయి దాటింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు, ఖండించవచ్చు. ఖండించడానికి వీలివ్వని అభిప్రాయం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చెప్పినవారు ఎవరు?

తరువాతి ప్రశ్న టీచరమ్మ వేశారు. "దత్ ఎవరు? ఈయన మాట ఎందుకు నమ్మాలి?"

దత్ 1871లో ఐ.సి.ఎస్. ఉద్యోగంలో చేరి 1897 వరకు బ్రిటిషు ప్రభుత్వంలోనే పనిచేశారు. 1899లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. ప్రభుత్వ లెక్కలు లోపలినుంచి తెలిసినవారు, ఆ ప్రభుత్వ విధానాన్ని మార్చాలని కోరేవారు. రెండూ ఆయనే. ఆయన సాక్ష్యంగా పిలిచిన వారిలో మనకు బాగా తెలిసిన పెద్దమనిషి ఒకరున్నారు. సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ అంటే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852లో గోదావరిపై ఆనకట్ట పూర్తి చేయించిన ఇంజనీరు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలకు నేటికీ దండలు వేస్తారు. ఆ కాటన్, 1878లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి, రైల్వేల కంటే పడవలు తిరిగే కాలువలే ఇండియాకు మేలని వాదించారు. కాలువ పొలానికి నీరూ ఇస్తుంది, సరుకూ మోస్తుంది, ఖర్చూ తక్కువ అని ఆయన లెక్క.

ఇది వినగానే గార్డుగారు ఉత్సాహంగా ముందుకు జరిగారు. "చూశారా మాస్టారూ! కాలువలు తవ్వినాయన కాలువలే మంచివంటాడు. అంతే కదా?"

సరైన ప్రశ్నే. కాటన్‌కు కాలువలపై అభిమానం ఉంది. అయితే అదే ప్రశ్నను గార్డుగారికీ వేయాలి. రైలులో జీవితమంతా గడిపినాయన రైలే మంచిదంటారు, అంతే కదా? నేను ఆ మాట కొంచెం సందేహిస్తూనే అడిగాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "అంతేలెండి" అన్నారు. ఆ రోజు నాకు ఆయనపై గౌరవం పెరిగింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. పక్షం ఉన్నంత మాత్రాన సాక్ష్యం అబద్ధం కాదు. తుప్పు పట్టిన త్రాసును పారేయం. దాని దోషం ఎటువైపు, ఎంతో కనుక్కుని, తూచిన విలువను సవరించుకుంటాం. రచయిత విషయంలోనూ అంతే. ఆయనకు ఏది నచ్చుతుందో తెలిస్తే, ఆ వైపు మొగ్గే వాక్యాల దగ్గర కాస్త నెమ్మదిగా చదువుతాం.

పుస్తకం ఏ సంవత్సరానిది?

అట్ట వెనక ఉండే ముద్రణ సంవత్సరాన్ని మీలో ఎంతమంది చూస్తారు? దత్ పుస్తకం లెక్క 1900తో ఆగింది. మొత్తం మీద భారతీయ రైల్వేలు ఖజానాకు నష్టం తెచ్చే స్థితి నుంచి మిగులు తెచ్చే స్థితికి మారడం మొదలైనది దాదాపు అప్పుడే. 1904లో రాసిన మనిషి ఆ తర్వాతి పదేళ్లను చూడలేడు కదా. ఆయన లెక్క తప్పని దీని అర్థం కాదు. మరిగే నీటిలోంచి తీసిన ఉష్ణమాపకం పది నిమిషాల తర్వాత వేరే అంకె చూపిస్తే, మొదటి అంకెను అబద్ధమంటామా? ఆ నిమిషానికి అది సరైనదే. దాన్ని రోజంతటికీ వర్తింపజేస్తే మాత్రం తప్పు మనది.

తరువాత రావడమే కారణమా?

అమ్మాయి దగ్గర మరో వాదన ఉంది. అది బలమైనది. "ఈ ఊరికి 1891 నాటికే రైలు మార్గం వచ్చింది. 1896-97లో పెద్ద కరువు. మళ్లీ 1899-1900లో ఇంకో కరువు. రైలు ధాన్యాన్ని తీసుకుపోబట్టే కదా జనం చచ్చిపోయారు?"

ఆ రెండు కరువుల్లోనూ మధ్య పరగణాలు తీవ్రంగా దెబ్బతిన్న మాట నిజం. కాని ఒకటి ముందు జరిగి, ఇంకొకటి తరువాత జరిగితే, మొదటిదే రెండోదానికి కారణమని అనవచ్చా? కోడి కూసిన తరువాతే సూర్యుడు వస్తాడు! ఆ సంవత్సరాల్లో వానలు కూడా పడలేదు. రైలు ప్రభావాన్ని వాన ప్రభావం నుంచి వేరు చేసి చూడాలి. ప్రయోగశాలలో అయితే రెండు పరీక్షనాళికలు తీసుకుని ఒకదానిలో మాత్రమే ఆ పదార్థం కలుపుతాం. చరిత్రలో అలా కుదరదు. ఇండియాను రెండు చేసి ఒక దానిలో రైళ్లు వేయకుండా ఉంచలేం కదా.

అయితే ఒక ఉపాయం ఉంది. రైలు అన్ని జిల్లాలకూ ఒకేసారి రాలేదు. కొన్నిటికి ముందు వచ్చింది, కొన్నిటికి దశాబ్దాల తరువాత వచ్చింది. రైలు వచ్చిన జిల్లాను రాని జిల్లాతో, అదే జిల్లాను రైలుకు ముందూ తరువాతా పోల్చవచ్చు. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికవేత్త బ్రిటిషు కాలపు రికార్డులు తిరగేసి ఈ పని చేశారు. ఆయన పరిశోధన 2018లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో వచ్చింది.

అందులో నాకు బాగా నచ్చింది ఉప్పు ఉపాయం. రైలు వల్ల రవాణా ఖర్చు ఎంత తగ్గిందో తెలుసుకోవడం ఎలా? ఉప్పు అన్నిచోట్లా తయారు కాదు. ఉదాహరణకు శ్రీకాకుళం వైపు వారికి నౌపడా ఉప్పు తెలుసు. నౌపడాలో పండిన ఉప్పుకు అక్కడ ఒక ధర, దూరాన ఉన్న ఊళ్లో మరో ధర ఉందనుకోండి. ఉప్పు అదే. మరి ధరలో తేడా ఎక్కడిది? ఎక్కువ భాగం దాన్ని మోసుకొచ్చిన ఖర్చే. రైలు వచ్చాక ఆ తేడా ఎంత తగ్గిందో చూస్తే, రవాణా ఎంత చవక అయిందో తెలిసిపోతుంది. నౌపడా నేను చెప్పిన ఉదాహరణ మాత్రమే. ఆయన పాత రికార్డుల్లో ఒక్కొక్క చోట మాత్రమే తయారయ్యే ఉప్పు రకాలను ఎంచుకుని, వాటి ధరలను ఈ విధంగా వాడుకున్నారు. రైలు చేరిన జిల్లాలో వ్యవసాయం మీద వచ్చే నిజ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని ఆయన తేల్చారు. రాబిన్ బర్జెస్‌తో కలిసి చేసిన మరో పరిశోధనలో, వాన తగ్గితే చావులు పెరగడమనే సంబంధం రైలు వచ్చిన జిల్లాల్లో బలహీనపడిందని చూపించారు.

గార్డుగారు గెలిచారా మరి? ఆయన అప్పటికే చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చున్నారు. కాని తొందరపడకండి. రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి మోయదు, ధర పలికే చోటికి మోస్తుంది. ఊళ్లో బియ్యం బస్తాలు దిగినా, కూలి పనులు ఆగిపోయి చేతిలో డబ్బు లేనివాడికి అవి దొరకవు. కరువులో జనం చనిపోయేది దేశంలో తిండి లేకపోవడం వల్లనే కాదు, తిండిని పొందే దారి మూసుకుపోవడం వల్ల అని అమర్త్య సేన్ 1981లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. 1876-78 మద్రాసు కరువు నాటికి ఆ రాజధానిలో రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. అయినా లక్షల మంది పోయారు. సగటున మేలు జరగడం, ఒక ఏడాది ఒక జిల్లాలో కొందరికి ఆ మేలు అందకపోవడం, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. హామీ వడ్డీ అన్యాయమన్న దత్ మాట వీటన్నిటికీ పక్కన అలాగే నిలబడి ఉంటుంది. రైలు మేలు చేసిందా అన్నది ఒక ప్రశ్న, దాని ఖర్చు ఎవరు మోశారన్నది ఇంకొక ప్రశ్న.

గంటన్నర తరువాత అమ్మాయి తన మాట మార్చి చెప్పింది. "రైళ్లు మేలు చేశాయి. కాని ఆ మేలుకు రైతు దగ్గర ఎక్కువ వెల గుంజారు." గార్డుగారు కూడా కొంచెం దిగివచ్చారు. "మాకు మేలు చేసింది, అందరికీ చేసిందని నేను చెప్పలేను" అన్నారు. ఇద్దరి అభిప్రాయాలూ కలవలేదు. కలవాలని నేనూ కోరుకోలేదు.

స్టేషనులోని కవిత

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన ఉదాహరణ చూద్దాం. ఇది మన సొంత ఊరి గర్వానికి సంబంధించినది. సొంత గర్వం దగ్గరే మన పరీక్ష ఎక్కువగా తప్పుతుంది.

బిలాస్‌పూర్ స్టేషనుకూ రవీంద్రనాథ్ టాగోర్‌కూ ఒక సంబంధం ఉంది. ఆయన 'ఫాంకీ' అనే కథాకవితలో ఈ స్టేషను వస్తుంది. ఆ కవిత ఇప్పుడు స్టేషను గోడపై చెక్కి ఉంది. కథ ఇది. జబ్బుపడిన ఇరవై మూడేళ్ల భార్య బినును గాలి మార్పు కోసం తీసుకెళుతూ భర్త బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి ఆరు గంటలు ఆగుతాడు. రుక్మిణి అనే కూలీ భార్య తన కూతురి పెళ్లికి 25 రూపాయలు కావాలని బినుతో చెప్పుకుంటుంది. ఇవ్వమని బిను కోరుతుంది. భర్త చాటుగా రెండు రూపాయలిచ్చి పంపేసి, అంతా ఇచ్చానని భార్యతో అబద్ధమాడతాడు. బిను చనిపోతుంది. ఆ అబద్ధం మనసును తొలుస్తుంటే, భర్త రుక్మిణిని వెతుక్కుంటూ మళ్లీ బిలాస్‌పూర్ వస్తాడు. ఆమె కనిపించదు.

ఈ కవితను ఆధారం చేసుకుని ఊళ్లో ఒక కథ ప్రచారంలో ఉంది. 1918లో టాగోర్ జబ్బుపడిన తన భార్యను తీసుకుని ఇక్కడికి వచ్చారని, ఇది ఆయన స్వీయానుభవమేనని. విన్నప్పుడు నేనూ నమ్మాను. నలుగురికీ చెప్పాను. తరువాత ఒక రోజు సంవత్సరాలు చూశాను. టాగోర్ భార్య మృణాళినీ దేవి 1902 నవంబరు 23న కలకత్తాలో, జొరాసాంకో ఇంట్లో మరణించారు. 1918 అనేది ఆ కవిత ఉన్న 'పలాతకా' సంపుటి వెలువడిన సంవత్సరం! పుస్తకం అచ్చయిన ఏడాదిని ప్రయాణం చేసిన ఏడాదిగా, కవితలో మాట్లాడే 'నేను'ను కవిగా, బినును మృణాళినిగా చదువుకున్నారు. మూడు చోట్ల అడుగు తప్పింది.

ఈ మాట ఆదివారం సభలో చెబితే గార్డుగారి భార్య నొచ్చుకున్నారు. "అయితే ఆ గోడ మీద ఉన్నదంతా అబద్ధమా బాబూ?" అని అడిగారు.

అబద్ధం కాదమ్మా అన్నాను. ఆ కవితను టాగోర్ రాసింది నిజం, అందులో బిలాస్‌పూర్ ఉన్నది నిజం. ఆ కాలంలో బిలాస్‌పూర్‌లో రైలు మారి గంటల తరబడి కాచుకోవడం ఎవరికీ వింతగా అనిపించదని కూడా ఆ కవిత చెబుతోంది. ఒక కూలీ ఇంట్లో పెళ్లికి 25 రూపాయలు మోయలేని బరువు అని చెబుతోంది. ఎవరు ఎప్పుడు మరణించారన్న దానికి కవిత సాక్ష్యం కాదు. జనం ఎలా బతికారన్న దానికి మాత్రం జాగ్రత్తగా వాడుకుంటే సాక్ష్యమే.

సాహిత్యాన్ని ఇలా వాడుకోవడంలో మన తెలుగులోనే గొప్ప ఉదాహరణ ఉంది. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడింది. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల నుంచి, సామెతల నుంచి ఏరి కూర్చారాయన. కావ్యంలోని నాయిక నిజంగా ఉందా లేదా అన్నది ఆయనకు ముఖ్యం కాదు. ఆమె ఇంటి వంట, ఆమె కట్టిన చీర ముఖ్యం. కాలేజీ విద్యార్థులు తప్పక చదవవలసిన పుస్తకమిది. వాక్యం కూడా ఎక్కడా బరువుగా ఉండదు.

అభిప్రాయానికి జవాబు

ప్రతాపరెడ్డిగారి పేరు వచ్చింది కనుక మరొక్క విషయం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి అచ్చులో వచ్చింది. అప్పుడు ఆయన హైదరాబాదులో గోలకొండ పత్రికకు సంపాదకులు. తిట్టి ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. పాఠకులు చప్పట్లు కొట్టేవారు. ఆయన ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు రప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' ప్రచురించారు. తొందరపాటు అభిప్రాయానికి 354 సాక్ష్యాలతో జవాబు!

ఆ 354 మందిలో చాలామంది వివరాలు అప్పుడు రాసి పెట్టకపోతే ఇవాళ మనకు తెలిసేవే కావు. తార్‌బహార్‌లో నాకు దిగులు పుట్టించేది ఈ విషయమే. ఆదివారం ఇంట్లో ఉన్న రైల్వే పుస్తకాలన్నీ తిరగేశాం. కంపెనీలున్నాయి, ఇంజన్లున్నాయి, వంతెనలున్నాయి. గార్డుగారి నాన్నగారి వంటి గ్యాంగ్‌మన్ ఒక్కరూ లేరు. ఆ కుటుంబాల కథ తెలిసినవారు ఎనభై ఏళ్లు దాటిపోతున్నారు. మనవలు తెలుగు మాట్లాడతారు కాని చాలామందికి చదవడం రాదు. పాత ఉత్తరాలు ఇంట్లోనే ఉన్నా వారికి అవి మూగవే.

ఆ తరువాతి ఆదివారం గార్డుగారు ఒక రేకు పెట్టె తెచ్చారు. వాళ్ల నాన్న "కరువు సంవత్సరం" ఊరు విడిచి వచ్చాడని ఆయన చిన్నప్పటి నుంచి వింటున్నారు. పెట్టెలోని ఉద్యోగపు కాగితంపై చేరిన సంవత్సరం 1926 అని ఉంది. గార్డుగారి ముఖం చిన్నబోయింది. "మరి కరువు మాటేటి? నాన్న అబద్ధం చెప్పాడా?"

అమ్మాయే జవాబు చెప్పింది. "కాగితంలో ఉన్నది కంపెనీ పేరు రాసుకున్న రోజు తాతగారూ. అంతకుముందు మేస్త్రీ కింద రోజుకూలీగా చేసి ఉండొచ్చు కదా. కూలీల పేర్లు ఈ కాగితంలోకి రావు."

ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఆమె నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసింది. ఒకదానిలో "కరువులో వచ్చారు - కొడుకు చెప్పిన మాట, తండ్రి నోట విన్నది" అని, రెండోదానిలో "1926 - ఉద్యోగపు కాగితం" అని రాసింది. ఆ రోజు తేదీ కూడా వేసింది. మూడో వరుస ఖాళీగా ఉంచింది. అదే పెట్టె అడుగున తెలుగులో రాసిన నాలుగు ఉత్తరాలున్నాయి. టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని మొదటిదాన్ని విప్పారు.